దినమానమును అయనమును: పూర్వగ్రంథములలోని సాక్ష్యము

మకరసంక్రమణమునాఁడు ఉత్తరాయణపుణ్యకాలమని తెలుఁగు పంచాంగములు వ్రాయుచున్నవి. జనులు స్నానదానములు చేయుచున్నారు. కాని శంకువును నిలిపి మధ్యాహ్నచ్ఛాయను గొలిచి చూచినవానికి, సంక్రాంతికి సుమారు 24 దినములు ముందే, అనఁగా డిసెంబరు 21 లేక 22వ తేదీననే, సూర్యుఁడు దక్షిణపుటెల్లను ముట్టి మరలెనని తేటపడును. పగలు పెరుఁగుటయు నప్పుడే మొదలిడినది. శాస్త్రము చెప్పు మాటయు, ఆకాశమునఁ గనఁబడు నర్థమును ఇట్లు విడిపోవుటకుఁ గారణమేమి? ఏ కాలమున నీ రెండును ఒకటిగా నుండెను? పూర్వులు ఈ భేదమును ఎఱుఁగుదురా, ఎఱుఁగరా? ఈ ప్రశ్నలకు సమాధానము గ్రంథములయందే కలదు. అయితే ఒక గ్రంథమును మాత్రమే పట్టుకొని చూచినచో నది దొరకదు.

ముందుగా గణితస్థితిని సంగ్రహముగాఁ జెప్పుట మేలు. భూమి తన యక్షముపై దినమునకొకసారి తిరుగుచు, సూర్యుని చుట్టును వత్సరమునకొకసారి పరిభ్రమించుచున్నది. ఆ యక్షము కక్ష్యాతలమునకు నిట్టనిలువుగా నుండక 23 అంశల 26 కలలు వాలియున్నది. కక్ష్యయందు భూమి యెచ్చటనున్నను అక్షము ఒకే దిక్కును జూచుచుండును. కావున ఆఱు నెలలు ఉత్తరధ్రువము సూర్యునివైపునకు ఒరగియుండును. తక్కిన యాఱు నెలలు దక్షిణధ్రువము అట్లుండును. ఒరగిన గోళార్ధమున సూర్యుఁడు మింట నెత్తుగా నడచును, పగలు దీర్ఘమగును, కిరణములు నిటారుగాఁ బడును. రెండవ గోళార్ధమున ఇందులకు విపరీతము. రాజమహేంద్రవరము 17 అంశల యక్షాంశమున నున్నది. అచ్చట 12 అంగుళముల శంకువునకు, సూర్యుఁడు దక్షిణపుటెల్లయం దున్ననాఁడు మధ్యాహ్నచ్ఛాయ 10 అంగుళములకుఁ గొంచె మెక్కువగా ఉత్తరమునకుఁ బడును. ఉత్తరపుటెల్లయం దున్ననాఁడు అంగుళమున్నరకు లోపలనే, అదియు దక్షిణమునకుఁ బడును. ఋతుభేదమంతయు ఈ రెండు నీడల నడుమ నిమిడియున్నది.

సిద్ధాంతకారులు భూమిని గోళముగాఁ జెప్పి, దానిని నడుమ నిలిపి, సూర్యుఁడు నడచు క్రాంతివృత్తము విషువద్వృత్తమునకు వాలియున్నదనిరి. ఆర్యభటుఁడు భూమికి దైనందినభ్రమణము చెప్పెను గాని సూర్యప్రదక్షిణము చెప్పలేదు; ఆ భ్రమణమును గూడ వరాహమిహిరుఁడును బ్రహ్మగుప్తుఁడును ఖండించిరి. వాలినది భూమి యన్నను, సూర్యమార్గ మన్నను దినమానగణితమున భేదము లేదు. ఆ వాలునకే పరమక్రాంతి యనియు, ఆర్యభటీయమునఁ బరమాపక్రమమనియుఁ బేరు. సూర్యసిద్ధాంతమునఁ ద్రిజ్య 3438 కలలు గాఁగాఁ బరమక్రాంతిజ్య 1397 కలలు. ఇది 24 అంశల జ్య. నిజమైన వాలు శతాబ్దికి సుమారు 47 వికలల చొప్పునఁ దఱుఁగుచున్నది. ఆర్యభటుని కాలమున, క్రీ.శ. 499 ప్రాంతమున, అది 23 అంశల 38 కలలుండెను. కావున 24 అనుట 22 కలల యధికము. ఈ సంఖ్య అతిప్రాచీనమైన యొక వేధకు గుర్తని, వాలు నిజముగా 24 అంశలున్న కాలమునాఁటిదని చెప్పుట కొందఱికి ఇష్టము. ఈ వాదము నిలువదు. 24 వృత్తమునఁ బదునైదవ పాలు. గణకునకుఁ జేతికందిన సంఖ్య. సుఖగణనకై గ్రహించిన సంఖ్యనుండి కాలనిర్ణయము చేయఁబూనుట ఇసుకనుండి తైలము పిండుట వంటిది.

ఇఁక దినమానము. వేదాంగజ్యోతిషము లగధుని మతమని ప్రసిద్ధము. దానియందు ఉత్తరాయణాదిని పగలు 12 ముహూర్తములు. గడచిన దినములను 2చే గుణించి 61చే భాగించి, వచ్చిన ఫలమును 12తోఁ గూర్చినచో ఇష్టదినమునఁ బగటి ప్రమాణము ముహూర్తములలో లభించును. అయనమునకు 183 దినములు గాన, చివరకు 6 ముహూర్తములు పెరిఁగి పగలు 18 ముహూర్తములగును. నాడికాయంత్రమున దినమునకొక ప్రస్థము నీరని చెప్పిన వృద్ధియు నిదియే. 18 ముహూర్తములనఁగా 36 ఘడియలు, అనఁగా 14 గంటల 24 నిమిషములు. 12 ముహూర్తములనఁగా 9 గంటల 36 నిమిషములు.

ఇంత దీర్ఘమైన పగలు ఏ దేశమునఁ గలుగును? గోళగణితముచే శోధింపఁగా 35 అంశల యక్షాంశమునకుఁ జేరువనున్న దేశములయందే యని తేలును. శ్రీనగరము 34 అంశలకుఁ గొంచె మెగువను, తక్షశిల కొంచెము దిగువను నున్నవి. తెలుఁగుదేశమున నెన్నఁడును ఇట్టి పగలు లేదు, ఉండఁబోదు. దీనింబట్టి లగధుఁడు కాశ్మీర గాంధారప్రాంతమువాఁడని కొందఱనిరి. బాబిలోనీయులు గూడఁ బరమాల్పదినములకు 3కి 2 నిష్పత్తినే వాడిరి గాన లగధుని లెక్క అచ్చటనుండి వచ్చినదని మఱికొందఱనిరి. కాని బాబిలోను 32 అంశలన్నర యక్షాంశమున నున్నది. అచ్చటఁ బరమదినము 14 గంటల 10 నిమిషములకు మించదు. నిష్పత్తి ఆ దేశమునకును సరిగా నొప్పలేదన్నమాట. రెండు దేశములవారు నీటిని గొలిచి, చిన్న పూర్ణసంఖ్యలలో వ్రాసికొన్నప్పుడు ఒకే నిష్పత్తి వచ్చుట వింతగాదు. ఎరువు తెచ్చికొన్నదనుటకు సంఖ్య యొక్కటియే చాలదు; లగధుని జన్మభూమిని నిర్ణయించుటకును అది చాలదు.

ఈ సూత్రమున మఱియొక లోపము కలదు. పగలు దినదినమును ఒకే పరిమాణమునఁ బెరుఁగునని ఇది చెప్పుచున్నది. ప్రకృతియం దట్లు లేదు. అయనసంధియందు సూర్యుఁడు నిలిచినట్లుండును. పదిదినములు గడచినను పగటియందలి భేదము కంటికిఁ దెలియదు. విషువమునొద్ద వృద్ధి వేగముగా నుండును. రాజమహేంద్రవరమున విషువకాలమున దినమునకు సుమారొక నిమిషము పెరుఁగఁగా, అయనసంధియందు కొన్ని క్షణములైనఁ బెరుఁగదు. నీటిగడియారముతో నేండ్ల తరబడి కొలిచినవారు దీనిని గనిపెట్టకపోవుట యసంభవము. యజ్ఞకాలమునకుఁ గావలసినంత సూక్ష్మత చాలునని వారు తృప్తిపడి రనుకొనుట న్యాయము.

కౌటిల్యుని యర్థశాస్త్రమున, రెండవ యధికరణమందలి దేశకాలమానప్రకరణమున, ఈ లెక్కయే వచ్చినది. చైత్రమునను ఆశ్వయుజమునను పగలును రాత్రియు 15 ముహూర్తములనియు, పిమ్మట నాఱు నెలలలో 3 ముహూర్తముల వఱకు ఒకటి పెరిఁగి రెండవది తఱుఁగుననియు నతఁడు వ్రాసెను. ఇంతవఱకు లగధుని మతమే. కాని యదే ప్రకరణమున ఆషాఢమున మధ్యాహ్నచ్ఛాయ నశించునని గూడ నున్నది. చదువరు లిచ్చట నిలిచి చూడవలెను. అయనాంతమున మధ్యాహ్నచ్ఛాయ నశించుట పరమక్రాంతికి సమమైన యక్షాంశము గల దేశముననే సంభవించును. ఉజ్జయిని 23 అంశల 11 కలల యక్షాంశమున నున్నది గనుక అట్టి దేశమునకు ఉదాహరణము. ఆ యుజ్జయినియందుఁ బరమదినము ఎంత? గణింపఁగా 33 ఘడియల 36 విఘడియలు. 17 ముహూర్తములకైన నిండుగా రాదు. 18 ముహూర్తములు గావలెనన్న 12 అంశలు ఉత్తరమునకుఁ బోవలెను; అచ్చటికిఁ బోయినచో ఆషాఢమున నీడ నశింపదు, 12 అంగుళముల శంకువునకు 2 అంగుళములకు మించి నిలుచును. ఒకే పుటయం దున్న రెండు వాక్యములు రెండు వేఱువేఱు దేశముల కొలఁతలు. నీడలెక్క మధ్యదేశమున నెవ్వరో కొలిచినది. పగటిలెక్క పూర్వశాస్త్రమునుండి తెచ్చినది. కౌటిల్యుఁడు పొరపడెననుట యనవసరము. రాజకార్యమునకు మానముల నొకచోఁ జేర్చినాఁడే గాని గోళగణితమును వ్రాయఁబూనలేదు.

పురాణములు ఈ 12, 18 ముహూర్తములనే గ్రహించి కారణమును గూడఁ జెప్పినవి. విష్ణుపురాణము ద్వితీయాంశమునఁ గులాలచక్రదృష్టాంతము కలదు. దక్షిణాయనమున సూర్యుఁడు కుమ్మరిసారె యంచునందలి వస్తువువలె శీఘ్రముగా నడచి, 13న్నర నక్షత్రములను పగటిపూట 12 ముహూర్తములలో దాఁటును. రాత్రి అంతే మార్గమును 18 ముహూర్తములలో దాఁటును. ఉత్తరాయణమునఁ జక్రమధ్యమునందలి వస్తువువలె మెల్లగా నడచును. దృష్టాంతము మనోహరమే. అయినను పగటి హ్రస్వదీర్ఘతకు సూర్యుని వేగభేదమును గారణముగాఁ జెప్పుటవలన దేశభేదము దీనియందు ఇముడదు. సూర్యుని వేగమే కారణమైనచో నొకే దినమున లంకయందును కాశ్మీరమునందును పగలు సమముగా నుండవలెను, లేదు. ఈ చిక్కును విప్పినవారు సిద్ధాంతకారులు.

వారి మార్గము వేఱు. సూర్యుఁడు దినదినమును ఒక యహోరాత్రవృత్తమున సమవేగముగాఁ దిరుగును. నిరక్షదేశమున క్షితిజము ఆ వృత్తములనన్నింటిని సరిగా రెండు సగములు చేయును. అందువలన నచ్చట నెల్లప్పుడును పగలు 30 ఘడియలు. ఉత్తరమునకుఁ బోవుకొలఁది ధ్రువుఁడు లేచును, క్షితిజము వాలును, వృత్తములు అసమఖండములుగాఁ దెగును. క్షితిజముపైనున్న ఖండము పగలు, క్రిందిది రాత్రి. సగమునకుఁ గల యీ భేదమునకుఁ జరము అని పేరు. చరము రెండింటిపై నాధారపడును: సూర్యుని క్రాంతి యొకటి, ద్రష్ట యుండు దేశముయొక్క యక్షాంశము రెండవది. రెంటిలో నేదియైన శూన్యమైనచోఁ జరము శూన్యము. విషువదినమున నెల్లదేశములయందును పగలు 30 ఘడియలగుటకు, నిరక్షదేశమున నెల్లదినములును సమమగుటకు, ఈ యొక్క యుక్తియే చాలును.

పంచాంగకర్తలు దీనిని సులభముచేసి చరఖండములను గల్పించిరి. విషువమునాఁడు 12 అంగుళముల శంకువునకు మధ్యాహ్నమునఁ బడు నీడకుఁ బలభ యని పేరు. దానిని 10చేతను, 8చేతను, 10లో మూఁడవపాలిచేతను వేర్వేఱుగా గుణించినచో మేష వృషభ మిథునములకు మూఁడు చరఖండములు విఘడియలలో వచ్చును. రాజమహేంద్రవరమునకుఁ బలభ 3 అంగుళముల 40 వ్యంగుళములు. ఖండములు మూఁడును గూడఁగా 78 విఘడియలు. దానిని ఇనుమడించినచో 2 ఘడియల 36 విఘడియలు. కావునఁ బరమదినము 32 ఘడియల 36 విఘడియలు, అనఁగా 13 గంటల 2 నిమిషములు. నేఁటి గోళగణితమున 13 గంటల 1 నిమిషము వచ్చును. వాయుమండలమునఁ గిరణము వంగుటవలనను, బింబముయొక్క పైయంచు కనఁబడుటనే యుదయముగా నెంచుటవలనను, వ్యవహారమున మఱికొన్ని నిమిషములు చేరును. ఒక్క నీడఁ గొలిచి మూఁడు గుణకములతో నింత సూక్ష్మముగాఁ బగటిని దెచ్చిన సాధనము మఱియొకటి యరుదు. ఆ గుణకముల క్రమమును జూడుఁడు: 10, 8, 3కుఁ బైన మూఁడవపాలు. విషువమునొద్ద వృద్ధి యధికము, అయనసంధియం దల్పము. లగధుని సూత్రమున మఱుగుపడిన సత్యము ఈ మూఁడు సంఖ్యలలో వెల్లడియైనది.

ఇదే యుక్తిని వారు తాము చూడని దేశములకును సాగించిరి. సూర్యసిద్ధాంతము భూగోళాధ్యాయమున, ఉత్తరమున నొకచోట మిథునాంతమునఁ బగలు 60 ఘడియలు నిండుననియు, అంతకుఁ బైన ధనుర్మకరములయం దున్న సూర్యుఁడు కనఁబడనే కనఁబడఁడనియు, మేరువునందు ఆఱు నెలలు పగలు, ఆఱు నెలలు రాత్రి యనియుఁ జెప్పఁబడినది. దేవతల యహోరాత్రము మానుషవర్షమను పురాణవాక్యమునకు ఇట్లు గణితార్థము కలిగినది. భరతఖండముననుండి వెడలక, మంచుసముద్రమును జూడక, పరమక్రాంతి యను నొక్క సంఖ్యనుండి ధ్రువరాత్రిని నిర్ణయించుట సామాన్యముగాదు. ఈ గ్రంథము తెలుఁగువారికిఁ గ్రొత్తది గాదు. 12వ శతాబ్దియందే మల్లికార్జునసూరి దీనికిఁ దెలుఁగునను సంస్కృతమునను వ్యాఖ్యలు రచించెను.

అయితే యీ యధ్యాయముననే చిరకాలము చదువరులను దారి తప్పించిన మాటయొకటి కలదు. గ్రీష్మమున దేవభాగమునందు సూర్యకిరణములు తీవ్రములగుటకుఁ గారణము అత్యాసన్నత యని గ్రంథము చెప్పుచున్నది. ఆసన్నత యనఁగా సామీప్యము. దీనింబట్టి పూర్వులు వేసవియందు సూర్యుఁడు భూమికి దగ్గఱకు వచ్చునని తలంచిరనియు, నేఁటి శాస్త్రముచే నది యసత్యమని తేలెననియు నాక్షేపించువారు కలరు. పాఠశాలలయందు బాలురు ఋతువులకు దూరసామీప్యములే కారణమని చెప్పునప్పుడు, ఈ వాక్యమును జూపి సమర్థించు పెద్దలును లేకపోలేదు. రెండు పక్షములును గ్రంథమును నిండుగాఁ జదువనివే.

ఏలయన, సూర్యుఁడు భూమికిఁ బరమదూరమున నుండు స్థానమునకు మందోచ్చమని పేరు. ఆర్యభటుఁడు దానిని 78 అంశలయం దుంచెను. సూర్యసిద్ధాంతమున నది 77 అంశలకుఁ గొంచెము పైన. రెండును మిథునరాశియందే. అనఁగా వారి మతముననే నడివేసవియందు సూర్యుఁడు మిక్కిలి దూరమున నుండును, ధనుస్సునందు మిక్కిలి దగ్గఱగా నుండును. ఇది వేధకు సరిపడినది గూడ. నేఁటి గణితమున వెనుకకు లెక్కించినచో క్రీ.శ. 499లో మందోచ్చము 77 అంశల ప్రాంతమున వచ్చుచున్నది. ఇట్టి గణితమును నిర్మించినవారు గ్రీష్మమున సూర్యుఁడు దూరదృష్టిచే సమీపించునని యందురా? ఆసన్నశబ్దము ఆఙ్ పూర్వకమైన సదధాతువునకుఁ గ్తప్రత్యయము చేరఁగా నైనది. దేనికి నాసన్నము అను ఆకాంక్షను విడువదు. ఇచ్చట దేవభాగమునకు నాసన్నత. ఆ భాగమందలి జనుల ఖమధ్యమునకు సూర్యుని మార్గము చేరువయగుట. దీనికి సాధకము ఆ శ్లోకముననే యున్నది: అసురభాగమున నా తీవ్రత హేమంతమున నని తరువాతనే చెప్పఁబడినది. భూగోళమంతటికి నొకే సూర్యుఁడు. దూరము తగ్గుటవలననే యెండ తీవ్రమైనచో దేవాసురభాగములు రెండింటను నొకేమాఱు గ్రీష్మము రావలెను. ఒకరికి వేసవియైనపుడు రెండవవారికిఁ జలి యని చెప్పిన గ్రంథకర్త, దూరమును మనసున నుంచుకొని ఆసన్నత యనలేదు.

నేఁటి కొలఁతలును దీనినే స్థిరపఱచుచున్నవి. భూమి జనవరి మొదటి దినములయందు సూర్యునికి మిక్కిలి సమీపమునను, జులై మొదటి దినములయందు మిక్కిలి దూరమునను నుండును. ఈ భేదమువలన భూమికి వచ్చు తేజస్సున 100కి సుమారు 7 పాళ్లు మాత్రమే తేడా. వాలువలనఁ గలుగు తేడా యెంత? రాజమహేంద్రవరమున నిటారుగాఁ బడు మధ్యాహ్నపుటెండ 100 పాళ్లైనచో, ఉత్తరపుటెల్లనాఁడు 99, దక్షిణపుటెల్లనాఁడు 76. పైఁగా నప్పుడు పగలు 2 గంటలు తక్కువ. ఢిల్లీయందు ఆ 76 కాస్త 62కు దిగును. ఇచ్చట నొక మాట: తెలుఁగుదేశమున నెండ మిక్కిలి కాయునది జూను 21వ తేదీ ప్రాంతమునఁ గాదు, వైశాఖ జ్యేష్ఠములయందు. రాజమహేంద్రవరమున సూర్యుఁడు ఏఁటికి రెండుమాఱులు, మే 8, ఆగష్టు 5వ తేదీల ప్రాంతమున, సరిగా నెత్తిమీఁదికి వచ్చును. మొదటిమాఱు భూమి యెండియుండును. రెండవమాఱు నాఁటికి మేఘములు క్రమ్మియుండును. కావున వాలు మూలకారణమైనను, వానకారు దానిఫలమును మాఱ్చుచుండును.

ఇఁక అయనశబ్దమునకు వత్తము. అయనమనఁగా గమనము, ఉత్తరాయణమనఁగా ఉత్తరదిశకు గమనమా, ఉత్తరగోళమున గమనమా? మొదటి యర్థమున నది దక్షిణపుటెల్లనుండి, రెండవ యర్థమున వసంతవిషువమునుండి యారంభింపవలెను. శతపథబ్రాహ్మణము వసంత గ్రీష్మ వర్షములు దేవతల ఋతువులనియు, శరద్ధేమంత శిశిరములు పితృదేవతలవనియుఁ జెప్పినది. దీనింబట్టి బాలగంగాధర తిలకు 1893లోఁ బ్రకటించిన ఓరాయన్ గ్రంథమున రెండవ యర్థమే ప్రాచీనమని వాదించెను. వాద మొకవైపు బలమైనదే. వసంతాదులు మూఁడును విషువమునుండి లెక్కించిననే చక్కఁగా నొప్పును. కాని కౌషీతకిబ్రాహ్మణము మాఘమాసపు అమావాస్యనాఁడు సూర్యుఁడు ఉత్తరమునకు మరలఁబోవుచు విశ్రమించుననియు, ఆఱు నెలలు ఉత్తరమునకు నడచి మరల నిలిచి దక్షిణమునకుఁ దిరుగుననియు స్పష్టముగాఁ జెప్పుచున్నది. నిలుచుట, మరలుట యనునవి విషువమునఁ గలుగవు. అప్పుడు సూర్యుఁడు నిలువక మిక్కిలి వేగముగా నుత్తరమునకుఁ బోవుచుండును. కావున మరలుటతో నారంభమగు నర్థమే గ్రాహ్యము.

అట్లైన దేవదినము విషువమునుండి యని గోళము చెప్పఁగా, ఉత్తరాయణమే దేవదినమని సంహితలు, స్మృతులు చెప్పుట యెట్లు? ఈ విరోధమును భాస్కరాచార్యుఁడు 1150లో రచించిన సిద్ధాంతశిరోమణియందు దాఁచిపెట్టక విచారించెను. సూర్యుఁడు దినమునకు నభిముఖుఁడైనప్పుడే దినమని, రాత్రికి నభిముఖుఁడైనప్పుడే రాత్రియని ఫలకీర్తనముకొఱకు సంహితాకారులు వ్యవహరించిరని యతని సమాధానము. గౌణప్రయోగమని యొప్పుకొని, గోళార్థమును జెడనీయక, శిష్టవాక్యమును గాపాడినాఁడు. తరువాతివా రెల్లరు నీ పద్ధతి ననుసరించియుండిన అనేక కలహములు తప్పియుండును.

అయనములు చలించునన్న సంగతిని మొదట నిస్సంశయముగా వ్రాసినవాఁడు వరాహమిహిరుఁడు. బృహత్సంహిత మూఁడవ యధ్యాయమున, పూర్వశాస్త్రములు చెప్పినట్లు ఒకప్పుడు దక్షిణాయనము ఆశ్లేషార్ధమునను, ఉత్తరాయణము ధనిష్ఠాదియందును ఉండెననియు, తన కాలమునఁ గర్కటకాదిని, మకరాదిని జరుగుచున్నదనియుఁ జెప్పెను. అతని కరణమునకు శక 427, అనఁగా క్రీ.శ. 505, ఆరంభవర్షము. శాస్త్రమును ప్రత్యక్షమును విరోధించినప్పుడు చేయవలసినదియు నతఁడే చెప్పెను: దూరముననున్న గుఱుతునుబట్టి యుదయాస్తమయస్థానములఁ బరీక్షింపుమని, లేదా పెద్ద వృత్తమున శంకుచ్ఛాయ ప్రవేశించు నిర్గమించు స్థానముల గుర్తింపుమని. ధనిష్ఠాదికిని మకరాదికిని నడుమ 23 అంశల 20 కలలు. 72 ఏండ్లకొక యంశ చొప్పున నిది సుమారు 1680 వత్సరములు. లగధుని కాలమును క్రీ.పూ. 1400, 1200ల నడుమ నుంచు పండితుల లెక్కకు మూలమిదియే. నక్షత్రవిభాగపు హద్దు కొంచెము కదలినను శతాబ్దులు మాఱును గాన, ఇంతకన్న సూక్ష్మముగాఁ జెప్పుట సాహసము.

చలనముయొక్క స్వరూపమును గూర్చి మతభేదము పుట్టెను. సూర్యసిద్ధాంతము అయనము డోలవలె ఇరువైపుల 27 అంశల వఱకు ఊఁగునని, వత్సరమునకు 54 వికలల గతి యని చెప్పెను. ముంజాలుని మతమున నది కల్పమునకు 1,99,669 భగణములని భాస్కరుఁ డుదాహరించెను. వత్సరమునకు 60 వికలలకుఁ జేరువ, ఊఁగుటగాక యెడతెగక తిరుగుట. నేఁటి వేధచేఁ దిరుగుటయే నిజమనియు, గతి 50 వికలలకుఁ గొంచెము మించుననియుఁ దేలినది. భూమియొక్క యక్షము బొంగరపుటీలవలె 25,800 ఏండ్లకొకసారి మెల్లగాఁ జుట్టివచ్చుటయే యిందులకుఁ గారణము. నక్షత్రములతో ముడిపడిన నిరయనవర్షము ఋతువులతో ముడిపడిన సాయనవర్షముకంటె 20 నిమిషము లెక్కువ. 71 ఏండ్లకు ఒక దినము.

శంకర బాలకృష్ణ దీక్షితుఁడు 1896లోఁ బ్రకటించిన భారతీయజ్యోతిశ్శాస్త్రమున సాయనపక్షమును సమర్థించెను. వేంకటేశ బాపూజీ కేత్కరు నిరయనపక్షమున నిలిచెను. 1952లో మేఘనాదసాహా యధ్యక్షతను నియమింపఁబడిన పంచాంగసంస్కారసంఘము 1955లోఁ దన నివేదికనిచ్చి, వ్యావహారికపంచాంగమునకు సాయనసౌరమాసములను విధించెను. ధార్మికపంచాంగమున నక్షత్రములకు 1956 మార్చి 21వ తేదీని 23 అంశల 15 కలలుగ నిర్ణయించిన చిత్రాపక్షపు టయనాంశను గ్రహింపుమనెను. ప్రభుత్వము 1957 మార్చి 22వ తేదీనుండి రాష్ట్రీయపంచాంగమును బాటించినది. తెలుఁగు పంచాంగములు దృక్కుననైనను సూర్యసిద్ధాంతముననైనను నిరయనములే. అయనాంశ యిప్పుడు 24 అంశలు దాఁటినది.

సాయనసంక్రాంతికిఁ బుణ్యము చెప్పుట నవీనుల కల్పన యనువారు హేమాద్రిని జూడవలసియున్నది. దేవగిరియాదవుల మంత్రియై 13వ శతాబ్దియందుఁ జతుర్వర్గచింతామణిని రచించిన యా ధర్మశాస్త్రజ్ఞుఁడు, కాలనిర్ణయఖండమున, ప్రసిద్ధమైన మకరసంక్రాంతికి 12 దినములు ముందే పుణ్యకాలమని వ్రాసినాఁడు. ఈ 12 ఎచ్చటనుండి వచ్చినది? సూర్యసిద్ధాంతపు 54 వికలలను క్రీ.శ. 499నుండి హేమాద్రి కాలమువఱకుఁ గల 770 ఏండ్లచే గుణించినచో 11 అంశల 33 కలలు వచ్చును. సూర్యుఁడు దానిని నడచుటకుఁ బండ్రెండవ దినము పట్టును. గణితమును ధర్మమును నాఁడు ఒకే చేతిలో నుండెను. ఆ 12 నేఁడు 24 అయినది.